ద్వీపాంతరమునకు పంపబడిన హాలికుడు

ద్వీపాంతరవాసమనగనే మనకు అండమాను దీవులు స్ఫురించును. 1858 మొదలుకొని ఆంగ్ల ప్రభుత్వము మనవారిని ఓడల కెక్కించి ఆ దీవులకు పంపిన కథ తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. కాని ఆ శిక్ష ఆంగ్లేయులు మనకొరకై కల్పించినది కాదు. అంతకు పూర్వమే వారు దానిని తమ దేశపు బీదలపై తరతరములుగా ప్రయోగించియుండిరి. అమెరికా వలసరాజ్యములు చేజారిన పిదప, 1788 మొదలు 1868 వరకు గల ఎనుబది సంవత్సరములలో, సుమారు 1,60,000 మంది స్త్రీపురుషులు బ్రిటను, ఐర్లండు దేశములనుండి ఆస్ట్రేలియాకు బందీలుగా పోయిరి. వారిలో పెక్కుమంది చిల్లర దొంగతనములకు చిక్కినవారు. కొందరు మాత్రము పరుల సొత్తు తాకి యెరుగరు. అట్టివారిలో నొకడు జార్జి లవ్‌లెస్సు. ఆతడు నాగలి దున్ని బ్రతికిన కూలివాడు. కూలి తగ్గింపవలదని తోడివారితో గూడి యొక సంఘము పెట్టుకొనుటయే ఆతడు చేసిన పని. సంఘము పెట్టుకొనుట ఆ దేశపు చట్టము ననుసరించి నేరము కాదు. అయినను ఆతనికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపబడెను. ఇది యెట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుటకే ఈ చరిత్రము చదువదగియున్నది.

ఇంగ్లండు దక్షిణభాగమున డార్సెట్టు మండలములో టాల్‌పడిల్ అను చిన్న గ్రామము కలదు. లవ్‌లెస్సు 1797లో జన్మించెను. పొట్టకూటికై దుక్కి దున్నుచునే చదువు నేర్చుకొని, మతగ్రంథములను కొన్నింటిని కూడబెట్టి, ఆదివారములందు చుట్టుప్రక్కల పల్లెలలో మెథడిస్టు ప్రబోధకుడుగా ప్రసంగించుచుండెను. ఆనాటి ఆంగ్లదేశములో నిది సామాన్య విషయము కాదు. ప్రభుత్వ మతమైన చర్చికి పాదిరి పెద్ద. పాదిరికి భూస్వామి అండ. వారిద్దరి యనుమతి లేక కూలివాడొకడు దేవుని గూర్చి నోరు విప్పుటయే వారి కన్నులకు అవిధేయతగా తోచుచుండెను. ఆతని భార్య బెట్సీ, బిడ్డలు ముగ్గురు.

ఆ కాలమున ఆంగ్లదేశపు వ్యవసాయకూలి యెట్లుండెనో యొకింత చెప్పవలెను. ఊరుమ్మడి బీళ్లకు కంచెలు వేసి భూస్వాములు తమ కమతములలో కలుపుకొనుటతో, ఆవును గొఱ్ఱెను మేపుకొని బ్రతికిన బీదవాడు కేవలము కూలిపై నాధారపడినవాడయ్యెను. నెపోలియను యుద్ధములు ముగిసిన పిమ్మట ధాన్యపు ధరలు పడిపోయెను. నూర్పిడి యంత్రములు వచ్చి శీతకాలపు పనియు పోయెను. 1830లో దక్షిణ మండలముల కూలీలు లేచి ఆ యంత్రములను పగులగొట్టి, గడ్డివాములకు నిప్పు పెట్టిరి. ఆ అలజడిలో వారు ప్రాణహాని చేయలేదు. కాని ప్రభుత్వము 19 మందిని ఉరితీసెను, నాలుగువందలకు పైబడినవారిని ద్వీపాంతరమునకు పంపెను. ఆ సమయమున కూలీల నెదిరించుటకు ముందు నిలిచిన డార్సెట్టు భూస్వాములలో జేమ్సు ఫ్రాంప్టను అను మేజిస్ట్రే టొకడు. ఆతడు మరల మనకు కనబడగలడు. లవ్‌లెస్సు ఆ అలజడిలో చేరలేదు. ఆతడు వేఱొక మార్గమును వెదకెను.

టాల్‌పడిల్ కూలీలకు వారమునకు 9 షిల్లింగులు ముట్టుచుండెను. పరిసర గ్రామములలో 10 ఇచ్చుచుండిరి. పౌనులో ఇరువదవ వంతు షిల్లింగు. కూలీలు యజమానులతో కలిసి మాటలాడగా, తక్కిన ఊళ్లలో నిచ్చునంత తామును ఇత్తుమని యజమానులు ఒప్పుకొనిరి. ఆ యొప్పందమునకు గ్రామపు పాదిరి సాక్షిగా నిలిచి, యజమానులు మాట తప్పినచో న్యాయము జరిగించు పూచీ తనదని పలికెను. కూలీలు సంతోషించి పనికి పోయిరి. కొలదికాలములోనే 9 షిల్లింగులు 8 ఆయెను. వారు మేజిస్ట్రేటుల సభకు పోయి మొఱపెట్టుకొనిరి. యజమాని యేమి ఇచ్చిన దానికి పని చేయవలసినదే గాని, ఇంత ఇమ్మని నిర్బంధించు చట్టము లేదని అచ్చట తేల్చి చెప్పిరి. అధ్యక్షపీఠమున నున్నవాడు ఫ్రాంప్టను. సాక్షిగా నిలిచిన పాదిరి, తానట్టి మాట పలుకనే లేదనెను. పిమ్మట 8 షిల్లింగులు 7 ఆయెను. ఇక 6 ఇత్తుమని చెప్పిరి. ఆరు షిల్లింగులతో భార్యను, ముగ్గురు బిడ్డలను పోషించుట నీతిగా బ్రతుకువానికి సాధ్యము కాదని లవ్‌లెస్సు లెక్క వేసికొనెను. ఈ లెక్క అర్థము చేసికొనుటకు అర్థశాస్త్రము చదువ నక్కరలేదు. పాలేళ్లచే సేద్యము చేయించుకొను మన కాపులలో ఎవరైనను దానిని నిమిషములో వేయగలరు.

అప్పటికి పదేండ్ల క్రిందనే, 1824లో, కార్మికులు కూడి సంఘముగా నేర్పడుటను నిషేధించు చట్టములు రద్దయ్యెను. పట్టణములలో వృత్తిసంఘములు విరివిగా లేచుచుండెను. 1833 శరత్కాలమున అట్టి సంఘమువా రిద్దరు టాల్‌పడిల్‌కు వచ్చి పద్ధతులు నేర్పిరి. సుమారు నలువదిమంది కూలీలు చేరి వ్యవసాయ కూలీల మైత్రీ సంఘమును స్థాపించిరి. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు, వారమునకు చందా ఒక పెన్నీ. దౌర్జన్యము వలన సంఘము ఆశయము నెరవేరజాలదనునది వారి నియమములలో నొకటి. సంఘమున చేరినందుకు ఒకనిని పనినుండి తొలగించినచో తక్కినవారును పని మానవలెననునది మఱియొకటి.

సంఘప్రవేశమున కొక తంతు కలదు. క్రొత్తగా చేరువాని కన్నులకు గంతలు కట్టి గదిలోనికి తెత్తురు. మతగ్రంథమునుండి కొంత భాగము చదువుదురు. గంతలు విప్పగనే యెదుట గోడపై నిలువెత్తు అస్థిపంజరపు చిత్రము కనబడును. తన అంత్యకాలమును స్మరించి, సంఘరహస్యములు బయలుపెట్టనని ఆతడు ప్రమాణము చేయవలెను. ఇప్పుడు చదువువారికి ఇది నవ్వు పుట్టింపవచ్చును. ఆ దినములలో పట్టణపు వృత్తిసంఘములన్నియు నిట్టి తంతులనే నడపుచుండెను. ధనికులు చేరిన గుప్తసమాజములందును ప్రమాణములకు కొదువ లేదు. కాని టాల్‌పడిల్ కూలీల కొంపను ముంచినది ఈ తంతే. 1833 డిశంబరు 9వ తేదీన థామసు స్టాండ్‌ఫీల్డు అనువాని యింటి మేడగదిలో ఎడ్వర్డు లెగ్గు అను కూలివా డొకడు ఈ ప్రమాణము చేసెను. తరువాత ఆతడే ప్రభుత్వపక్షమున సాక్ష్యమిచ్చెను.

ఫ్రాంప్టను ఊరక యుండలేదు. వేగులవలన సంగతులు రాబట్టి, ఏమి చేయవలెనని హోం మంత్రియైన మెల్బోర్ను ప్రభువునకు వ్రాసెను. సంఘము పెట్టుట నేరము కాదు గనుక ఆ పేర పట్టుటకు వీలులేదు. అప్పుడు పాత చట్టపు పుస్తకములలో 1797 నాటి శాసన మొకటి దొరకెను. ఆ సంవత్సరము ఆంగ్ల నౌకాదళములో నావికులు తిరుగబడగా, సైన్యములో రహస్య ప్రమాణములు చేయించి తిరుగుబాటు పురికొల్పువారిని శిక్షించుటకై హడావుడిగా చేసిన చట్టమది. ముప్పదియేడు సంవత్సరముల పిమ్మట అదే చట్టమును కూలి అడిగిన దుక్కివాండ్రపై ప్రయోగింపదలచిరి. పాలకులకు క్రొత్త చట్టమును చేయుటకు సాహసము చాలనప్పుడు పాత చట్టములు పనికివచ్చును. మన దేశములోను 1818 నాటి రెగ్యులేషనును 1907లో దుమ్ము దులిపి లాలా లజపతిరాయిని విచారణ లేకయే మాండలేకు పంపుట మన పెద్దలు చూచియుండిరి. టాల్‌పడిల్‌వారికి విచారణయైన జరిగెనుగదా యని ఎవరైన అనవచ్చును. అది యెట్టి విచారణయో చూతము.

1834 ఫిబ్రవరి 22వ తేదీన గ్రామమున హెచ్చరిక పత్రము లంటించిరి. అట్టి సంఘములలో చేరినవారికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము తప్పదని వానిలో నుండెను. రెండు దినములు గడిచెను. 24వ తేదీ తెల్లవారుజామున లవ్‌లెస్సు పనికి బయలుదేరుచుండగా పోలీసు అధికారి యొకడు వచ్చి వారంటు చూపెను. ఆరుగురిని పట్టిరి: జార్జి లవ్‌లెస్సు, ఆతని తమ్ముడు జేమ్సు, బావయగు థామసు స్టాండ్‌ఫీల్డు, ఆతని కుమారుడు జాను, యువకుడు జేమ్సు బ్రైను, జేమ్సు హామెట్టు. ఎదిరింపక, పరుగెత్తక, ఏడు మైళ్లు నడచి వారు డార్చెస్టరు పట్టణము చేరిరి. జైలులో తల గొరిగిరి. ఇకమీదట సంఘముతో సంబంధము పెట్టుకొననని మాట యిచ్చినచో ఇంటికి పోవచ్చునేమో యని అచ్చట లవ్‌లెస్సును ప్రశ్నించిన ట్లాతడే వ్రాసికొనెను. ఆతడు వల్లకాదనెను. బిడ్డలు ముగ్గురు ఇంటివద్ద నుండగా పలికిన మాట యది.

మార్చి 17వ తేదీన డార్చెస్టరులో విచారణ ప్రారంభమాయెను. నేరారోపణ నిలుచునా లేదా యని నిర్ణయించు గ్రాండు జూరీకి పెద్ద విలియం పాన్‌సన్‌బీ. ఆతడు హోం మంత్రియగు మెల్బోర్నునకు స్వయముగా బావమఱిది. ఫ్రాంప్టను కుటుంబము వారును ఆ జూరీలో నుండిరి. తీర్పు చెప్పు చిన్న జూరీలో నందరు వ్యవసాయదారులు, అనగా కూలి ఇచ్చువారు. కూలి అడిగినవారి తప్పొప్పులు వారే నిర్ణయింపవలెను. న్యాయమూర్తి జాన్ విలియమ్సు. ముద్దాయిలేమైన చెప్పుకొందురా యని ఆతడడుగగా, లవ్‌లెస్సు ఒక చిన్న కాగితము వ్రాసి యిచ్చెను. తాము చట్టమును అతిక్రమించినచో బుద్ధిపూర్వకముగా చేసినది కాదనియు, ఎవరి మానమునకు గాని ప్రాణమునకు గాని ఆస్తికి గాని హాని తలపెట్టలేదనియు, తమను, తమ భార్యాబిడ్డలను ఆకలిచావునుండి కాపాడుకొనుటకే కూడితిమనియు అందులోని సారము. న్యాయమూర్తి దానిని సభవారికి వినబడీ వినబడనట్లు చదివి ముగించెను. జూరీ కొలది నిమిషములలోనే నేరస్థులని చెప్పెను. 19వ తేదీన శిక్ష. చట్టమున కనుమతమైన గరిష్ఠ శిక్షయే, ఏడేండ్ల ద్వీపాంతరవాసము, ఆరుగురికిని సమముగా విధింపబడెను. వారు చేసినదానికి కాక ఇతరులకు గుణపాఠముగా ఈ శిక్ష యని న్యాయమూర్తి పలికినట్లు లవ్‌లెస్సు తరువాత వ్రాసెను.

హామెట్టు సంగతి యిక్కడ చెప్పవలెను. ప్రమాణము జరిగిన రాత్రి ఆతడు ఆ యింట లేడనియు, తన సోదరుని పేరు పడవలసినచోట తన పేరు పడగా, సోదరుని భార్య గర్భవతియై యున్నందున మాటాడక శిక్ష ననుభవించెననియు చెప్పుదురు.

శిక్ష పడిన కుటుంబములు బియ్యమో రొట్టెయో లేక తల్లడిల్లినవి. ఆ దేశములో నిరుపేదలకు గ్రామనిధినుండి సహాయమిచ్చు ఆచారము కలదు. భార్యలు పోయి అడుగగా మేజిస్ట్రేటులు నిరాకరించిరి. సంఘములో చేరుటకు షిల్లింగులున్నవారికి తిండికి లేదా యని వారి వాదము. తరువాత లండనులోని కార్మికులు చందాలు వేసికొని ఈ కుటుంబములను పోషించిరి.

లవ్‌లెస్సు జబ్బుపడి జైలు ఆస్పత్రిలో నుండగా తక్కిన అయిదుగురిని ముందే తరలించి సర్రీ అను ఓడలో న్యూ సౌత్ వేల్సునకు పంపిరి. ఆతడు కొంచెము కోలుకొనగనే ఏప్రిల్ 5వ తేదీన సంకెళ్లు వేసి బండిలో పోర్ట్స్‌మతు రేవునకు తీసికొనిపోయిరి. దారిలో సాలిస్‌బరీ పట్టణము సమీపించగా, వీధులలో జనులు సంకెళ్ల చప్పుడు వినకుండ ఊరు దాటువరకు కాలి సంకెలలు తీయింతునని వెంటనున్న ఉద్యోగి జాలిపడి చెప్పెను. లవ్‌లెస్సు అంగీకరింపలేదు. తాను సిగ్గుపడవలసిన పని చేయలేదు గనుక సంకెలల చప్పుడునకు సిగ్గుపడ నక్కరలేదనుట ఆతని భావము. ఈ మనుష్యుని స్వభావమును గ్రహించుటకు ఈ యొక్క విషయము చాలును.

పోర్ట్స్‌మతులో ఆతని నుంచినది యార్కు అను చెరనౌక. పాతబడిన యుద్ధనౌకల కొయ్యస్తంభములు విఱుగగొట్టి, రేవులో కట్టివేసి, జైళ్లుగా వాడుచుండిరి. 1834 మే 25వ తేదీన విలియం మెట్కాఫ్ అను ఓడ ఆతని నెక్కించుకొని బయలుదేరెను. కాళ్లు చాచుటకు చోటులేని అఱలలో బందీలను క్రుక్కి, నూట రెండు దినములు సముద్రముపై నడపి, సెప్టెంబరు 4వ తేదీన వాన్‌డీమను దీవిలోని హోబార్టు పట్టణమున దింపిరి. ఈ దీవికే తరువాత టాస్మేనియా యని పేరు వచ్చెను. ఆతడు సముద్రముపై నున్న కాలములోనే ఆగస్టు 1వ తేదీన, విగ్గు పక్షపు ప్రభుత్వమే చేసిన చట్టముచే బ్రిటిషు సామ్రాజ్యమున నీగ్రో బానిసత్వము రద్దయ్యెను. బానిసల యజమానులకు నష్టపరిహారముగా రెండు కోట్ల పౌనులు కేటాయించిరి. ఆ శాసనము గొప్పదే. దాని ఘనతను తగ్గించుట మా యుద్దేశము కాదు. అదే మంత్రులు అదే సంవత్సరమున ఆరుగురు దుక్కివాండ్రను సంకెలలతో భూగోళపు ఆవలి కొసకు పంపిరని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను.

హోబార్టులో అధికారులు ఆతనిని గ్రుచ్చి గ్రుచ్చి యడిగిరి: సంఘపు రహస్యములేవి, సంకేతములేవి, ఆంగ్లదేశములో దీని వెనుక నున్నవారెవరు? ఆతనివద్ద చెప్పదగిన రహస్యము లేదు. మొదట సంకెళ్ల ముఠాలో రోడ్డుపనికి వేసిరి. తరువాత ప్రభుత్వపు పొలములో గొఱ్ఱెలు, పశువులు కాచు పని యిచ్చిరి. వారుండిన గుడిసె వానకు గాలికి అడ్డు నిలువదు. ఎనమండుగురు మనుష్యులకు అయిదు పడకలు. క్రొత్తవాడు నేలమీద పండుకొనవలెను. ఒకమారు కొన్ని పశువులు తప్పించుకొని బందెలదొడ్డిలో పడగా, ఉద్యోగమున నశ్రద్ధ చేసినాడని ఆతనిపై నేరము మోపిరి. తనపై నన్ని పనులు పెట్టి ఒక్కనిని ఒకేసారి ఎన్నిచోట్ల నుండుమందురని ఆతడు వాదించి శిక్ష తప్పించుకొనెను. ఆ దీవికి అప్పటి గవర్నరు జార్జి ఆర్థరు. క్రమశిక్షణ పేర బందీల జీవితమును అంగుళ మంగుళము కొలచి రిజిస్టరులలో కెక్కించినవాడు. ఈ ఆర్థరే తరువాత 1842 మొదలు 1846 వరకు బొంబాయి గవర్నరుగా మన దేశము నేలెను. వలసరాజ్యముల పాలకులు ఒక దేశమున నేర్చిన విద్యను మఱియొక దేశమున ప్రయోగించుట కిది యొక నిదర్శనము.

న్యూ సౌత్ వేల్సు చేరిన అయిదుగురి గతి ఇంతకంటె అధ్వాన్నము. ఇరువదేండ్ల ప్రాయమువాడు బ్రైను తన యజమాని పొలమునకు నడచి పోవుచుండగా దారిలో దొంగలు ఆతని బూట్లు, దుప్పటి, బట్టలు దోచుకొనిరి. చేరిన పిదప యజమాని ఆతని మాట నమ్మక, క్రొత్తవి ఈయక, వట్టి కాళ్లతో కంచెగుంజలకు గోతులు త్రవ్వించెను. పార మోపిన పాదము చీలిపోగా ఆతడు ఇనుపపట్టెడ ముక్కను అరికాలికి కట్టుకొని త్రవ్వెను. పిమ్మట గొఱ్ఱెలు కడుగుటకై పదునేడు దినములు రొమ్ములోతు నీటిలో నిలువబెట్టిరి. హామెట్టును నియమించిన పొలము ఎడ్వర్డు జాన్ ఐరుది. ముప్పదియేండ్ల తరువాత 1865లో జమైకా గవర్నరుగా నల్లవారి తిరుగుబాటును నెత్తుట ముంచి అపకీర్తి గడించిన ఐరు ఇతడే.

ఇక ఆంగ్లదేశమున జరిగినదానిని చూతము. మెల్బోర్ను గుణపాఠము నేర్పదలచెను. దేశము వేఱొక పాఠమును నేర్చుకొనెను. 1834 ఏప్రిల్ 21వ తేదీన లండనులోని కోపెన్‌హేగను మైదానమున వేలకొలది కార్మికులు వృత్తులవారీగా పతాకములతో గూడి, రెండు లక్షలకు పైగా సంతకములు గల విన్నపమును బండిపై నుంచుకొని, హోం మంత్రి కార్యాలయమునకు ఊరేగింపుగా నడచిరి. ఆ జనసమూహమున ముందు రాబర్టు ఓవెను నడచెను. ప్రభుత్వము సైన్యమును సిద్ధపఱచి యుంచెను, కాని ఒక్క రాయియు లేవలేదు. ఇంతమందితో వచ్చిన విన్నపమును తీసికొననని మెల్బోర్ను తలుపు మూసెను. తరువాత కొలదిమంది తెచ్చి యిచ్చిరి. ఆ యేడు జూలైలో ఆతడు ప్రధానమంత్రియే యయ్యెను. ఆందోళన ఆగలేదు. పార్లమెంటులో థామసు వాక్లీ అను వైద్యుడు ఈ వ్యాజ్యెమును చేపట్టి 1835లో తీర్మానము తెచ్చెను, అది ఓడిపోయెను.

అయితే ఈలోపల ప్రభుత్వమునకు మింగుడుపడని విషయ మొకటి బయటపడెను. రాజునకు స్వయముగా సోదరుడైన కంబర్లండు డ్యూకు ఆరెంజి సమాజములకు అధిపతి. ఆ సమాజములందును రహస్య ప్రమాణములుండెను. సైన్యములో సయితము వాని శాఖలు వ్యాపించియుండెను. 1797 నాటి చట్టము నిజముగా నెవరినుద్దేశించి పుట్టినదో అట్టివారే వారు. దుక్కివాండ్రు ఆస్ట్రేలియాలో గొఱ్ఱెలు కాయుచుండగా రాజసోదరుడు లండనులో విందు లారగించుటెట్లని సభ్యులడిగిరి. దీనికి మంత్రులవద్ద జవాబు లేదు. మెల్బోర్ను తరువాత హోం శాఖ వహించిన లార్డు జాన్ రస్సెలు 1835లో మొదట షరతులతో క్షమాపణ ప్రకటించెను: శిక్ష తొలగును గాని వలసరాజ్యమును విడిచి రాగూడదు. ఇది ఉద్యమకారులకు సమ్మతము కాలేదు. 1836 మార్చిలో ప్రభుత్వము లొంగి, ఆరుగురికిని నిరాక్షేపమైన క్షమాపణయు, ఉచిత ప్రయాణమును ఇచ్చెను.

ఈ వార్త లవ్‌లెస్సునకు వెంటనే తెలిసెనని తలపవలదు. అంతకుముందు కొన్ని నెలల క్రిందట అధికారులు ఆతనిని పిలిచి, భార్యాబిడ్డలను ప్రభుత్వపు ఖర్చుతో రప్పింతుము, వ్రాయుమని చెప్పిరి. తాను బానిసగా నుండగా వారిని గూడ ఈ దుఃఖములోనికి పిలువజాలనని ఆతడు మొదట నిరాకరించెను. 1836 ఫిబ్రవరిలో నిర్బంధపు పనినుండి మినహాయింపు లభించిన పిదపనే, విడుదల యాశ వేఱులేదని తలచి, భార్యకు రమ్మని వ్రాసెను. పిమ్మట రిచ్‌మండు సమీపమున నొక దొరవద్ద కూలికి కుదిరెను. ఆ యింటికి వచ్చు లండను వార్తాపత్రిక యొకటి సెప్టెంబరులో ఆతని కంటబడెను. తనకును తన స్నేహితులకును పూర్తి క్షమాపణ లభించినదని ఆతడు చదివినది అందులోనే. ఆరు నెలల క్రితము సంతకమైన స్వేచ్ఛను గూర్చి ఆతనికి పత్రికయే చెప్పెను. హోబార్టు పత్రికకు ఆతడు సంగతి వ్రాసి ప్రకటింపజేసిన మీదటనే అధికారులు కదలి ప్రయాణపు మాట యెత్తిరి.

అయినను ఆతడు వెంటనే ఓడ యెక్కలేదు. తాను వ్రాసిన జాబు ననుసరించి భార్య బిడ్డలతో బయలుదేరియున్నచో? తాను ఇంగ్లండునకు, ఆమె ఈ దీవికి, నడిసముద్రమున ఒకరినొకరు దాటిపోవుదురు. జవాబు వచ్చువరకు ఆగుదునని అధికారులకు తెలిపి ఆతడు నిరీక్షించెను. స్వేచ్ఛాపత్రము చేతికందునంత దూరమున నుండగా, బందీగా గడిపిన దీవిలోనే మఱికొన్ని నెలలు కూలి చేసికొనుచు ఉత్తరమునకై ఎదురుచూచుట ఎంత కష్టమో ఊహింపవలెను. డిశంబరులో ఉత్తరము వచ్చెను, ఆమె బయలుదేరలేదు. 1837 జనవరి 30వ తేదీన ఆతడు ఓడ యెక్కి జూన్ 13వ తేదీన లండనులో దిగెను.

అదే సంవత్సరమున ఆతడు తన యనుభవములను చిన్న పుస్తకముగా వ్రాసి ప్రకటించెను. విగ్గుల పాలనకు బలియైనవారు అని దాని పేరునకు అర్థము. ఏడుపుగొట్టు వ్రాత కాదది. కూలి యెంత, ఎవరేమి పలికిరి, ఏ తేదీన నేమి జరిగెను అని లెక్కాపద్దువలె వ్రాసికొనిపోయెను. ప్రభుత్వము చూపినది దయయని అందెచ్చటను ఒప్పుకొనలేదు. నేరము చేయనివానికి క్షమాపణ యేమని ఆతని ప్రశ్న. తక్కినవారిలో నలుగురు 1838 మార్చిలో ప్లిమతు రేవు చేరిరి. హామెట్టు 1839 వరకు రాజాలకపోయెను.

కార్మికులు చందాలు కూర్చి ఎసెక్సు మండలములో గ్రీన్‌స్టెడు, హైలేవరు గ్రామములయందు వీరికి కౌలుకు పొలములు కుదిర్చిరి. కూలివాండ్రు ఈ విధముగా కౌలుదారులైరి. కాని లవ్‌లెస్సు నోరు మూసికొని సేద్యము చేసికొనలేదు. సామాన్యులకు వోటుహక్కు కోరు చార్టిస్టు ఉద్యమము అప్పుడే లేచుచుండెను. ఆతని పొలము దానికొక కేంద్రమాయెను. డార్సెట్టువారు ఆతనిని 1839 నాటి చార్టిస్టు మహాసభకు ప్రతినిధిగా ఎన్నుకొనిరి గాని ఆతడు పోలేకపోయెను. స్థానికపు పాదిరి వేదికనుండియే వీరిని నిందింప మొదలిడెను. భూస్వాముల పత్రికలును వంత పాడెను. టాల్‌పడిల్‌లో జరిగినదే మరల జరుగునని వారికి తోచియుండును.

హామెట్టు మాత్రము ఎసెక్సునుండి టాల్‌పడిల్‌కే మరలి, రాతిపని కూలి చేసికొని బ్రతికెను. ముదిమిలో కన్ను కనబడక, బిడ్డలకు బరువు కాగూడదని తానుగా డార్చెస్టరు అనాథశాలకు పోయి 1891లో మరణించెను. ఆ అనాథశాలల ఏర్పాటును కల్పించిన చట్టము 1834 లోనిదే. టాల్‌పడిల్ చర్చి ఆవరణమున ఇప్పటికిని గల సమాధి ఆతని దొక్కనిదే. 1934లో, నూరేండ్లు నిండిన సందర్భమున, బ్రిటిషు కార్మికసంఘముల మహాసభ ఆ గ్రామమున ఆరు ఇండ్లు కట్టించి ఆరుగురి పేర్లు పెట్టి, వృద్ధులైన వ్యవసాయకూలీలకు నివాసముగా నిచ్చెను. ఏటేట జూలైలో అచ్చట ఉత్సవము జరుగుచున్నది.

తక్కిన అయిదు కుటుంబములును 1844 మొదలు కొలదియేండ్లలో కెనడాకు వలసపోయెను. లవ్‌లెస్సు ఒంటారియోలోని లండను పట్టణ సమీపమున సైలోము అనుచోట అడవి నఱికి పొలము చేసికొనెను. వింతయేమనగా, ఆ ప్రాంతమునకును 1838 మొదలు 1841 వరకు గవర్నరుగా నుండి వెళ్లినవాడు ఆ ఆర్థరే. అచ్చట లవ్‌లెస్సు మరల మెథడిస్టు ప్రబోధకుడుగా ప్రసంగించెను, ఇల్లు కట్టెను, చర్చికి చేయూత నిచ్చెను. పాత కథను మాత్రము ఇరుగుపొరుగువారికి చెప్పలేదు. ద్వీపాంతరమునకు పోయి వచ్చినవాడనిన క్రొత్త దేశమున బిడ్డల భవిష్యత్తునకు మచ్చయగునని ఆ కుటుంబములన్నియు మౌనము వహింప నిశ్చయించుకొనెను. సాలిస్‌బరీ వీధులలో సంకెలల చప్పుడునకు సిగ్గుపడనివాడు బిడ్డలకొరకు ముప్పదియేండ్లు నోరు మెదపలేదు. భార్య బెట్సీ 1868లో గతించెను. ఆతడు 1874 మార్చి 6వ తేదీన డెబ్బదియేడవ యేట మరణింపగా సైలోము శ్మశానవాటికలో ఆమె ప్రక్కనే పాతిపెట్టిరి. కెనడాలో పుట్టిపెరిగిన పిల్లలలో పలువురు ఆ ముసలి రైతు ఎవరో అప్పటికిని ఎరుగరు.